చల్లారినా తినబుద్ధయ్యే సద్ది

బొగ్గుబాయిలో సద్ది వేడి చేసుకునే వీలుండదు. భూగర్భ గనిలోకి అగ్గిపెట్టె, లైటరు, బీడీ, సిగరెట్ తీసుకుపోవడం నిషేధం. దిగే ముందు తనిఖీ కూడా ఉంటుంది. సింగరేణి గనుల ప్రాంతమైన రామకృష్ణాపూర్ కాలనీల నుంచి కేకే-5 గనికో కాసిపేట గనికో మొదటి షిఫ్టుకు పోయే కార్మికుడు పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండాలంటే ఆరున్నరకు ముందే ఇల్లు కదలాలి. మస్టర్ (హాజరు) పడ్డాక ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంపు తీసుకోవాలి, కిందికి దిగాలి, పనిస్థలం దాకా నడవాలి. ఇంత అయి, కొంత పని కూడా నడిచాక డబ్బా మూత తీసేసరికి పదకొండు దాటుతుంది. అప్పటికి ఆ అన్నం పొయ్యి దిగి ఐదారు గంటలు అవుతుంది.

లోపలి వాతావరణం కూడా డబ్బాకు అనుకూలంగా ఉండదు. పనిస్థలంలో తడిబల్బు ఉష్ణోగ్రత (గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే కొలత) 33.5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. ఆ హద్దుకు లోబడి కూడా ఉక్కపోత గట్టిగానే ఉంటుంది. పైన ఓపెన్‌కాస్టులో పనిచేసే వాళ్లకు ఉక్క తక్కువే అయినా ఎండ ఎక్కువ. ఈ ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు కొత్త కాదు. ఎక్కువ మంది పనిచేసే గనిలో క్యాంటీన్ ఉండాలని నియమాలు చెబుతాయి. కానీ క్యాంటీన్ ఉండేది పైన. లోపల ఉన్నవారికి ఆసరా వెంట తెచ్చుకున్న డబ్బాయే.

అన్నీ తినే మనిషికే ఇది కష్టం. తిండి దగ్గర పట్టింపులున్న మనిషికి ఇంకా కష్టం. వేడిగా ఉన్నప్పుడు ఇష్టంగా తినే కూర చల్లారితే ముట్టడు. అన్నంలోకి పులుసు ఇంకిపోతే డబ్బా మూసేస్తాడు. అట్లా మూసేసిన రోజు ఎనిమిది గంటల షిఫ్టు ఒక చాయ్, రెండు బిస్కెట్ల మీద గడిచిపోతుంది. ఈ అధ్యాయం అటువంటి వారి కోసం. పొద్దున తినే టిఫిన్, డబ్బాలో పోయే సద్ది రెండూ ముందురోజో, వారం ముందో ఎంతవరకు సిద్ధం చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఇందులోని విషయం. గని గేటు బయట ఆఫీసులో, బడిలో, దుకాణంలో పనిచేసే వారికి కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. వేడి చేసుకునే సౌకర్యం ఉంటే వారికి ఇంకొంత వెసులుబాటు దొరుకుతుంది.

ముందు డబ్బా లెక్క

పెద్దవాళ్లలో తిండి పట్టింపును ఇంట్లోవాళ్లు సాధారణంగా మొండితనం అనుకుంటారు. నిదానంగా గమనిస్తే చాలామంది వద్దనేది ఆ పదార్థాన్ని కాదు, అది నోట్లో తగిలే తీరును. బెండకాయ వేపుడు తిని బెండకాయ పులుసు వద్దనేవారికి కూరగాయతో పేచీ లేదు, జిగురుతోనే పేచీ. పచ్చి ఉల్లిగడ్డ నములుతూ ఉడికిన ఉల్లిగడ్డను ఏరి పక్కన పెట్టేవారూ ఉంటారు. కొందరికి వాసన పడదు, కొందరికి అన్నం, కూర ముందే కలిసిపోవడం పడదు. కారణం తెలియకుండా కొత్త వంటలు ఎన్ని చేసి పెట్టినా వృథా.

అందుకని ఒక వారం పాటు చిన్న నోటుపుస్తకంలో రాసుకోవాలి. డబ్బాలో ఏం పోయింది, ఏం తిరిగి వచ్చింది, తిరిగి వచ్చినది మెత్తబడిందా, గట్టిపడిందా, వాసన వచ్చిందా. వారం తిరిగేసరికి పదార్థాలు వాటంతటవే మూడు కుప్పలు అవుతాయి: ఎప్పుడైనా తినేవి, వేడిగా మాత్రమే తినేవి, అసలు ముట్టనివి. డబ్బా మొదటి కుప్పలోంచే నిండాలి. రెండో కుప్ప ఇంట్లో తినే పూటకు. మూడో కుప్ప జోలికి కొంతకాలం పోకపోవడమే మంచిది.

ఈ లెక్క రాయాల్సింది తినే మనిషే. కార్మికవాడల్లో మొదటి షిఫ్టు ఉన్న ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకే పొయ్యి వెలగడం, వెలిగించేది తల్లో భార్యో కావడం మామూలు. తనకేది తినబుద్ధవుతుందో చెప్పకుండా, తిరిగి వచ్చిన డబ్బాతో మాత్రమే జవాబు చెప్పే పద్ధతి ఆ వండిన మనిషికి చేసే అన్యాయం. కింద చెప్పిన పనుల్లో చాలావరకు రాత్రిపూట ఎవరైనా చేసుకోగలిగినవి. పట్టింపు ఎవరిదో తయారీ కూడా వారిదైతే వంట బాగా కుదురుతుంది, ఇంట్లో మాట కూడా పెరగదు.

వంటకాన్ని కాదు, సగం పనిని దాచాలి

ఆదివారం ఐదు డబ్బాల భోజనం వండి ఫ్రిజ్‌లో పేర్చడం విదేశాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి. అన్నం ప్రధానమైన మన తిండికి అది సరిగా అతకదు. వండిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే అందులోని పిండిపదార్థం బిగుసుకుని మెతుకు రబ్బరులా గట్టిపడుతుంది. ఆవిరి పట్టిస్తే మళ్లీ మెత్తబడుతుంది, కానీ గనిలో ఆవిరి పట్టేదెక్కడ? నోటికి తగిలే తీరు మీదే పట్టింపు ఉన్న మనిషి ఆ అన్నాన్ని రెండో ముద్దకే వదిలేస్తాడు.

రుచి సంగతి అటుంచితే ప్రమాదం కూడా ఉంది. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. మామూలు రోజుల్లో రెండు గంటలు, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట అన్నది ఆహార భద్రత నిపుణులు పెట్టిన హద్దు. మన ఎండాకాలమంతా ఆ ఒక్క గంట లెక్కలోకే వస్తుంది.

అయితే ఐదు గంటల తర్వాత తినే సద్దికి దారేది? దారి పాతదే: పులుపు, లేదా పొడితనం. చింతపండు, నిమ్మరసం, పెరుగు బాగా పట్టిన అన్నంలో ఈ సూక్ష్మజీవులు తేలికగా పెరగలేవు. నీటి తడి లేని పొడులు, వేయించిన పల్లీలు, పుట్నాలు, అటుకులతో చేసే చుడువాలో అసలే పెరగలేవు. ప్రయాణాలకు పులిహోర, దద్దోజనం కట్టడం వెనుక ఈ కారణమే ఉంది. మెత్తటి పప్పు, కొబ్బరి చట్నీ, పాలు పోసి వండిన కూర, మాంసం ఐదు గంటల డబ్బాకు పనికిరావు. అవి ఇంట్లో తినాలి.

ఈ రెండు కారణాలనూ కలిపి చూస్తే పని విభజన తేలిపోతుంది. అన్నం ఒక్కటి ఏ పూటకాపూట వండాలి. కుక్కర్‌లో ఇరవై నిమిషాల పని అది. బియ్యం రాత్రే కొలిచి పెట్టుకుంటే పొద్దున ఆలోచించే పని కూడా ఉండదు. పులిహోర గుజ్జు, పొడులు, వేయించిన పల్లీలు, దోసె పిండి, వేయించిన రవ్వ వంటివి మాత్రం ముందే తయారై డబ్బాల్లో ఉండాలి.

పొద్దున తినేవి

తెల్లవారి ఐదున్నరకు చాలామందికి ఆకలి ఉండదు. ఆ వేళ బలవంతాన ప్లేటు నిండా ఉప్మా తిన్నా ఇమడదు. ఇంట్లో తేలికగా ఏదో ఒకటి, వెంట తీసుకుపోవడానికి చేత్తో పట్టుకుని తినగలిగే ఇంకొకటి అని రెండు భాగాలు చేసుకుంటే మేలు. గనిలో చేతులు కడుక్కోవడం కష్టం కాబట్టి కాగితంలో చుట్టి, కాగితం పట్టుకునే తినగలిగే పదార్థం అన్నిటికన్నా అనువైనది. ఆ పనికి సర్వపిండిని మించినది ఈ ప్రాంతంలో లేదు.

సర్వపిండి గిన్నెలో చేసేది కనుక కొన్ని ఇళ్లలో గిన్నప్ప అంటారు. రెండు గ్లాసుల బియ్యప్పిండికి అరగంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పిడికెడు, జీలకర్ర, కరివేపాకు, కారం, ఉప్పు కలపాలి. ఇంట్లో వెంటనే తినే సర్వపిండిలో ఉల్లిగడ్డ, ఉల్లాకు వేస్తారు. డబ్బాకు పోయే దాంట్లో వేయకూడదు, వాటి తడి వల్ల తొందరగా వాసన వస్తుంది. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రొట్టెపిండి కన్నా కాస్త మెత్తగా కలిపి, నూనె రాసిన చల్లటి గిన్నె అడుగున పెట్టి వేళ్లతో అంచుల మీదికి ఎక్కేదాకా ఒత్తాలి. ఎంత పలచగా ఒత్తితే అంత కరకర. నడుమ నడుమ వేలితో చిల్లులు చేసి ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నమంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచాలి. అంచులు గిన్నెను వదలి, అడుగు ఎర్రబడ్డాక తీయాలి. రెండోది వేడి గిన్నెలో ఒత్తితే పిండి అంటుకుపోయి చెయ్యి కూడా కాలుతుంది. అందుకే రెండు గిన్నెలు పెట్టుకుని ఒకటి చల్లారేలోపు ఇంకోటి పొయ్యి మీద ఉంచడం వాడుక.

రాత్రి చేసుకున్నది పూర్తిగా చల్లారాక గుడ్డలో చుట్టి ఉంచితే మరునాడు మధ్యాహ్నం దాకా బాగుంటుంది. అంచు కరకరలాడుతూ, నడుమ కొంచెం సాగుతూ ఉంటుంది. మెత్తటివి పడనివారికి అంచు ముక్కలు, గట్టివి పడనివారికి నడిమి ముక్కలు కట్టవచ్చు. పొడి మిశ్రమం, అంటే నీళ్లు, కరివేపాకు, నానబెట్టే పప్పు తప్ప మిగిలినవన్నీ, వారానికి సరిపడా కలిపి సీసాలో పోసుకుంటే రాత్రి పని సగానికి తగ్గుతుంది.

ఇడ్లీ, దోసెల సంగతి అందరికీ తెలిసిందే. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఎండాకాలం ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పిండి పొంగుతుంది, చలికాలం పన్నెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. పొంగిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు వాడుకోవచ్చు. మొదటి రెండు రోజులు ఇడ్లీకి, పులుపెక్కిన తర్వాత దోసెకు. వెంట తీసుకుపోయే ఇడ్లీకి చట్నీ వద్దు. వేడి తగ్గిన ఇడ్లీలను నాలుగు ముక్కలు చేసి నువ్వుల నూనెలోనో నెయ్యిలోనో కలిపిన కారప్పొడి పట్టించాలి. నూనె పొర ఉండటం వల్ల ఇడ్లీ ఎండిపోదు, ఒకదానికొకటి అంటుకోదు.

ఉప్మా రవ్వను పోపుతో సహా వేయించి పెట్టుకోవచ్చు. పావుకిలో రవ్వకు రెండు చెంచాల నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు బాగా గలగలలాడే దాకా వేయించి, రవ్వ వేసి సన్నమంట మీద వాసన వచ్చేవరకు తిప్పితే సరిపోతుంది. చల్లారాక సీసాలో పోస్తే రెండు వారాలు నిలవ ఉంటుంది. పొద్దున గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల మరుగు నీళ్లు పోసి ఉప్పు వేస్తే ఐదు నిమిషాల్లో ఉప్మా సిద్ధం. ఇది వేడిగా తినేది, డబ్బాకు కాదు.

పొద్దున నమలడమే ఇష్టం లేనివారికి రాగి జావ ఉంది. రెండు చెంచాల రాగిపిండిని రాత్రే చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మరిగే నీళ్లలో పోసి తిప్పితే ఐదారు నిమిషాల్లో అవుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపితే సీసాలో పోసుకుని కూడా పోవచ్చు. చెమట బాగా పట్టే పనివారికి అది దాహానికీ ఆకలికీ పనికొస్తుంది.

డబ్బాలో పోయేవి

పులిహోర గుజ్జు నెలకోసారి చేసుకుంటే చాలు. వంద గ్రాముల చింతపండును వేడినీళ్లలో నానబెట్టి చిక్కటి పులుసు తీయాలి. ఆరు చెంచాల నూనెలో పోపు వేసి, పసుపు, పచ్చిమిర్చి, ఉప్పు, కొంచెం బెల్లంతో పులుసు పోసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. ఇక్కడ తొందరపడితే నిలవ పోతుంది. నీళ్లదనం పూర్తిగా తగ్గి గరిటెకు అంటుకునే దశ దాకా ఆగాలి. తడిలేని గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు వారాలకు పైగా బాగుంటుంది. తీసేటప్పుడు పొడి చెంచానే వాడాలి.

పొద్దున వండిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి, ఆవిరి పోయాక గుజ్జు కలపాలి. ఒక డబ్బా అన్నానికి రెండు చెంచాల గుజ్జు మొదలు, తర్వాత రుచిని బట్టి. పల్లీలు మాత్రం కలపకూడదు. ఐదు గంటల్లో అవి మెత్తబడి, పల్లీ ఇష్టపడే మనిషికి కూడా విసుగు పుట్టిస్తాయి. వేయించిన పల్లీలు చిన్న పొట్లంలో విడిగా కట్టి, తినేముందు చల్లుకుంటే మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా కరకరలాడుతూనే ఉంటాయి. పోపులోని శనగపప్పు పంటికి రాయిలా తగులుతుందనే వారు దాన్ని మానేసి ఆవాలు, ఎండుమిర్చితో సరిపెట్టుకోవచ్చు. పోపులో ఏది ఉండాలో శాస్త్రమేమీ లేదు, డబ్బా ఖాళీగా ఇల్లు చేరడమే కావలసింది.

పెరుగన్నాన్ని పొద్దున అచ్చంగా పెరుగుతోనే కలిపితే పదకొండు గంటలకు పుల్లగా, నీళ్లు తేలి ఉంటుంది. పెరుగు పులుపు పడనివారు సగం డబ్బా పారబోసేది అక్కడే. దీనికి తెలిసిన విరుగుడు ఉంది. మామూలు కంటే మెత్తగా వండిన అన్నాన్ని మెదిపి, గోరువెచ్చగా ఉండగా కాచిన పాలు ఒక గ్లాసు, తాజా పెరుగు రెండు చెంచాలు కలపాలి. ఉప్పు కొద్దిగానే. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు చల్లారాకే వేయాలి. డబ్బాలోనే పాలు తోడుకుని, తినే వేళకు కమ్మటి దద్దోజనం అవుతుంది. కలిపేటప్పుడు పలచగా కనిపించినా భయపడకూడదు, తోడుకున్నాక గట్టిపడుతుంది. ఎండలు ముదిరినప్పుడు పాలు వేగంగా తోడుకుంటాయి కాబట్టి ఒక్క చెంచా పెరుగే సరిపోతుంది. ఎలా కుదురుతుందో సెలవురోజు ఇంట్లో కలిపి చూసుకున్నాకే డబ్బాకు కట్టాలి.

అన్నం, కూర కలవడమే గిట్టనివారికి పొడులే దిక్కు. నువ్వుల పొడి, పల్లీల పొడి, పుట్నాల పొడి, కరివేపాకు పొడి, ఎల్లిపాయ కారం వంటివాటిలో ఇష్టమైనవి రెండు చేసి పెట్టుకుంటే చాలు. పుట్నాల పొడి నెల నిలవ ఉంటుంది. పల్లీలు, నువ్వులు, అవిసె గింజల పొడులలో నూనె ఎక్కువ కాబట్టి చిక్కు వాసన పడతాయి, రెండు వారాలకు సరిపడానే చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నంలో కాస్త నిమ్మరసం, నూనె కలిపి డబ్బాలో పెట్టి, పొడిని విడిగా పొట్లంలో కడితే తినేముందు కలుపుకోవచ్చు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు కూడా ఇదే పనికి వస్తాయి. అయితే తొక్కు ఉప్పుమయం. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు మించరాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. బీపీ ఉన్నవారు తొక్కు కన్నా ఉప్పు తక్కువ వేసి చేసుకున్న పొడిని నమ్ముకోవాలి.

జొన్నరొట్టె, చపాతీ తినేవారికి బాధ లేదు. రాత్రి చేసినవి మరునాటికీ నిలుస్తాయి. చపాతీ పిండిలో రెండు చెంచాల పెరుగు కలిపితే చల్లారాక కూడా మెత్తగా ఉంటుంది. పక్కన ఆలుగడ్డ వేపుడో కాకరకాయ కారమో, ఏదైనా నీళ్లు లేకుండా బాగా వేగినదైతే నయం. ఎండలు ముదిరిన రోజుల్లో ఆలుగడ్డ కూడా మానేసి పొడితోనే కట్టుకోవాలి.

తడి మాంసకృత్తులు ఇంట్లో, పొడివి డబ్బాలో

పై వంటకాలన్నిటికీ ఒక లోపం ఉంది. బియ్యం, చింతపండు, నూనె కడుపు నింపుతాయి తప్ప మాంసకృత్తులు పెద్దగా ఇవ్వవు. పట్టింపున్న మనిషి నెలల తరబడి పులిహోర మీదే బతికితే నీరసం తప్పదు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి ఇది దాదాపు 50 గ్రాములు. శక్తి విషయానికొస్తే కూర్చుని పనిచేసే మగవారికి 2,110 కిలో కేలరీలు, మధ్యస్థ శ్రమకు 2,710, కఠిన శ్రమకు 3,470 అని అదే సంస్థ చెబుతుంది. అంటే ఆఫీసు గుమాస్తాకు సరిపోయే డబ్బా గనిలో కాయకష్టం చేసే మనిషికి చాలదు.

ఉడికిన గుడ్డు, పప్పు, పాలు, మాంసం తడి పదార్థాలు. అవి ఐదు గంటల వేడిని తట్టుకోలేవు కనుక ఇంటి పూటకే. పల్లీలు, పుట్నాలు, వేయించిన శనగలు పొడివి కాబట్టి డబ్బాలోకి. రెండు గుడ్లు 12 గ్రాములు, ఒక పెద్ద గ్లాసు పాలు 8, నలభై గ్రాముల కందిపప్పు 9, ముప్పై గ్రాముల పల్లీలు 7, రోజు మొత్తంలో రెండు వందల గ్రాముల బియ్యం 15 గ్రాముల పైచిలుకు. ఇంతకే 50 నిండిపోతుంది. గుడ్డు వాసన పడనివారు పుట్నాలు, పెరుగు పెంచుకుంటే సరి. ఉడికించిన గుడ్లు పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో వారం ఉంటాయి. రాత్రి షిఫ్టు నుంచి పొద్దున వచ్చేవారికి వండే ఓపిక ఉండదు కాబట్టి అవి అక్కరకొస్తాయి.

అలసందలు, శనగలతో చేసే గుడాలు ఈ ప్రాంతంలో ఇష్టంగా తింటారు. రాత్రి నానబోసి పొద్దున ఉడికించి పోపు పెట్టుకుంటే సరి. ఇంట్లో టిఫిన్‌గా చాలా మంచివి. డబ్బాకు మాత్రం చలికాలంలోనే, అదీ నిమ్మరసం బాగా పిండి.

కట్టే తీరు

వేడి అన్నాన్ని నేరుగా డబ్బాలో నొక్కి మూత పెడితే ఆవిరి నీరై కిందికి దిగుతుంది. పైమెతుకులు తడి, అడుగు ముద్ద. చాలామంది నచ్చలేదని తిప్పి పంపే అన్నం నిజానికి ఇట్లా చెడినదే. పళ్లెంలో పరిచి పావుగంట ఆరనిచ్చాకే పెట్టాలి. స్టీలు డబ్బా, మూతకు రబ్బరు పట్టీ ఉన్నది కావాలి, ఎందుకంటే బొగ్గు దుమ్ము చిన్న సందు దొరికినా లోపలికి పోతుంది. ఒక్కటే పెద్ద డబ్బా కన్నా చిన్నవి రెండు మేలు. క్యాప్ ల్యాంపు బ్యాటరీ, సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి కాపాడే శ్వాస పరికరం) నడుముకు కట్టుకుని దిగే మనిషికి బరువైన క్యారేజీ అడ్డం. చెంచా తప్పనిసరి. పొట్లాలకు అచ్చు వేసిన వార్తాపత్రిక వాడకూడదు, ఆ సిరా తిండికి అంటుతుంది. తెల్ల కాగితమో గుడ్డ ముక్కో నయం.

షిఫ్టు మారినప్పుడు

మొదటి షిఫ్టు వారం గురించి ఇంతవరకు చెప్పుకున్నాం. మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే రెండో షిఫ్టులో పరిస్థితి సులువు. పన్నెండున్నరకు ఇంట్లో వేడిగా పప్పు, కూర, గుడ్డుతో పూర్తి భోజనం చేసి, సాయంత్రానికి సర్వపిండి ముక్కలు, చుడువా, మజ్జిగ తీసుకుపోతే సరిపోతుంది. రాత్రి పదకొండు తర్వాత ఇంటికి చేరాక పూర్తి భోజనం కన్నా కొంచెం పెరుగన్నం తిని పడుకోవడం మేలు.

రాత్రి షిఫ్టులో రెండు మూడు గంటల వేళ జీర్ణశక్తి మందగిస్తుంది. వేపుళ్లు, నూనె ఎక్కువైన పులిహోర ఆ వేళ ఛాతీలో మంట పుట్టిస్తాయి. దద్దోజనం, కారప్పొడి ఇడ్లీ, అరటిపండు సరిపడతాయి. పొద్దున ఇంటికి వచ్చి పడుకునే ముందు ఖాళీ కడుపుతో ఉంటే నిద్ర పట్టదు. ముందే ఉడికించి పెట్టిన గుడ్లు, ఒక దోసె ఆ వేళకు మంచివి. చాయ్ మాత్రం పడుకోబోయే ముందు వద్దు.

వారం లెక్క

సెలవురోజు రెండు గంటలు కేటాయిస్తే వారం గడుస్తుంది. మినప్పప్పు పొద్దునే నానబోసి సాయంత్రం పిండి రుబ్బడం, పొడి ఒకటి కొట్టడం, పావుకిలో పల్లీలు వేయించడం, సర్వపిండి పొడి మిశ్రమం కలపడం. నెలలో ఒక ఆదివారం పులిహోర గుజ్జు. బుధవారం రాత్రి అరగంట: గుడ్లు ఉడికించడం, అయిపోయిన పొడి మళ్లీ చేయడం. మిగిలిన రాత్రుల్లో బియ్యం కొలవడం, డబ్బాలు తుడిచి ఆరబెట్టడం, పొట్లం కట్టడం తప్ప పనేమీ ఉండదు. రకాలు ఎక్కువ పెట్టుకోవడం మొదట్లో చేసే పొరపాటు. పట్టింపున్న మనిషికి ఒకే రకం మూడు రోజులు తినడం ఇబ్బంది కాదు, తెలియని రకం ఒక్క పూట రావడమే ఇబ్బంది. మూడు సద్దులు, రెండు టిఫిన్లు మార్చి మార్చి చేసుకుంటే చాలు.

కొత్త పదార్థం అలవాటు చేసుకోవాలనుకుంటే డబ్బాలో మొదలుపెట్టకూడదు. గనిలో అది నచ్చకపోతే మళ్లీ తినడానికి ఏమీ ఉండదు. సెలవురోజు ఇంట్లో, ఇష్టమైన పదార్థం పక్కన, రెండు ముద్దలతో మొదలుపెట్టాలి. చిన్నపిల్లలు కొత్త రుచికి అలవాటు పడటానికి ఎనిమిది, పది సార్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ రుచి చూడవలసి వస్తుందని పరిశోధనలు చెబుతాయి. పెద్దవాళ్ల విషయంలో కూడా ఓపిక పట్టక తప్పదు. ఇష్టమైనదాన్నే కొంచెం మార్చడం ఇంకా సులువు: ఆలుగడ్డ వేపుడు తినేవారికి అదే తీరుగా చేసిన కంద వేపుడు, పుట్నాల పొడి తినేవారికి అందులోనే పావువంతు కరివేపాకు.

కొందరి విషయంలో ఇవేవీ పనిచేయవు. తినే పదార్థాలు ఏడాదికేడాది తగ్గుతూ ఐదారుకు చేరడం, కొత్త తిండి చూస్తేనే వాంతి రావడం, ఆరు నుంచి పన్నెండు నెలల్లో కావాలని తగ్గించుకోకుండానే బరువు ఐదు శాతానికి మించి తగ్గడం, మెట్లెక్కితే ఆయాసం రావడం వంటివి కనిపిస్తే అది పట్టింపు కాదు, చికిత్స చేయవలసిన సమస్య. రక్తహీనత, పేగుల జబ్బు, పంటి నొప్పి, క్షయ, మానసిక ఆందోళన వీటిలో ఏదైనా కారణం కావచ్చు. రామకృష్ణాపూర్‌లోనే సింగరేణి ఏరియా ఆస్పత్రి ఉంది. అటువంటి లక్షణాలున్నవారు వంటలు మార్చి చూస్తూ నెలలు గడపకుండా, వారం రోజుల డబ్బా లెక్క రాసిన పుస్తకం చేతపట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.